ట్యాంకులో ఏం పోస్తున్నాం?

బంకులో బండి ఆపగానే 'జీరో చూసుకోండి సార్' అనేలోపే ఇంకో ప్రశ్న వస్తుంది: 'నార్మలా, పవరా?' వెనక హారన్లు మోగుతుంటాయి. కుర్రాడు నాజిల్ పట్టుకుని ఎదురుచూస్తుంటాడు. కొత్త బండి కదా, పాడవకూడదని ఒకరు, పాత బండి కదా, ఇంకొన్నాళ్లు నడవాలని ఇంకొకరు, నాలుగు రూపాయలు ఎక్కువైనా ఖరీదైనదే కొట్టించుకుంటారు. నెల తిరిగేసరికి ఆ నాలుగు రూపాయలే కనిపించేంత ఖర్చవుతాయి. దానివల్ల ఇంజిన్ ఆయుష్షు పెరిగిందా లేదా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఈ మధ్య ఈ సందేహం ఇంకా ముదిరింది. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోల్ దేశమంతా వచ్చేసింది. మైలేజీ పడిపోయిందని, ఇంజిన్లు పోతున్నాయని ఒక పక్క గోల, అంతా అపోహేనని ఇంకో పక్క ప్రకటనలు. మధ్యలో నలిగేది కిస్తీలు కట్టుకుంటూ బండి నడుపుకునే మనిషి.

సూటిగా చెప్పుకుందాం. పెట్రోల్ నాణ్యతకూ ఇంజిన్ ఆయుష్షుకూ సంబంధం ఉంది, గట్టిగానే ఉంది. అయితే ఆ నాణ్యతను ధర బట్టీ, బోర్డు మీది అంకె బట్టీ కొలవలేం. మీ ఇంజిన్‌కి సరిపడే రకమేనా, నీళ్లూ కల్తీ లేకుండా ఉందా అన్నవి ముందు చూడాలి. మసి పేరుకోనివ్వని డిటర్జెంట్ ఉందా అన్నది ఆ తర్వాత. అంతకు మించి వినిపించే మాటల్లో చాలావరకు అమ్మకపు మాటలే.

అంకె వెనక అసలు సంగతి

91, 95, 100 అని బంకుల్లో కనిపించే అంకెను ఆక్టేన్ సంఖ్య అంటారు. అంకె పెరిగితే పెట్రోల్‌లో బలం పెరిగినట్టని చాలామంది నమ్మకం. అది బలాన్ని కొలిచే అంకె కానే కాదు. సిలిండర్‌లో పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ పైకి నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ నిప్పు ముట్టించగానే మంట ఒక చివర నుంచి సాఫీగా పాకాలి. ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక, ఆ మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తాను భగ్గుమంటే దాన్ని నాకింగ్ అంటారు. 'ఇంజిన్ కొట్టుకుంటోంది' అని మెకానిక్కులు చెప్పేది దీన్నే. ఎత్తెక్కుతూ పెద్ద గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గలగలమని వినిపించే చప్పుడు ఇదే. అది నెలల తరబడి సాగితే పిస్టన్ తల మీద గుంటలు పడతాయి, రింగుల గాడి పగులుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అప్పుడిక ఇంజిన్ దించాల్సిందే.

ఈ తొందరపాటు మంటను పెట్రోల్ ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పేదే ఆక్టేన్ సంఖ్య. ఐసో ఆక్టేన్ అనే పదార్థానికి 100, నార్మల్ హెప్టేన్‌కి 0 ఇచ్చి ఈ కొలబద్ద తయారుచేశారు. 91తోనే కొట్టుకోకుండా నడిచే ఇంజిన్‌కి 100 పోస్తే అదనంగా ఒరిగేదేమీ ఉండదు. అమెరికాలో వాహనదారుల సంఘం ఏఏఏ 2016లో దీన్ని పరీక్షించి చూసింది. సాదా పెట్రోల్ చాలని తయారీదారు చెప్పిన కార్లలో ప్రీమియం పోయడంవల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని తేల్చింది. అలా పోసుకుంటూ అమెరికన్లు ఏడాదికి 210 కోట్ల డాలర్లు వృథా చేస్తున్నారని లెక్కగట్టింది.

ఎక్కువ కంప్రెషన్‌తో నడిచే స్పోర్ట్స్ బైకులూ, కొన్ని టర్బో కార్లూ దీనికి మినహాయింపు. వాటి మాన్యువల్‌లో 95 అని రాసి ఉంటే 95 పోయాల్సిందే. అంతకంటే తక్కువ పోస్తే నేటి ఇంజిన్లలోని నాక్ సెన్సర్ గ్రహించి, నిప్పు ముట్టించే క్షణాన్ని వెనక్కి జరుపుతుంది. ఇంజిన్ దెబ్బతినదు, కానీ పికప్ తగ్గుతుంది. సెన్సర్ లేని పాత బండికి ఆ రక్షణ కూడా లేదు.

చాలామంది దృష్టికి రాని మార్పు ఒకటుంది. ఇథనాల్‌కి సహజంగానే ఆక్టేన్ ఎక్కువ. అందుకే ఈ20 సాదా పెట్రోల్‌కి నిర్దేశించిన కనీస ఆక్టేన్ ఇప్పుడు 95. అంటే కేవలం 95 అనే అంకె కోసమే లీటరుకు అదనంగా చెల్లించే పని ఇప్పుడు చాలామందికి లేదు.

సీసం నేర్పిన పాఠం

నాకింగ్‌ని ఆపడానికి ఒకప్పుడు ప్రపంచం ఎంచుకున్న మందు కథ తెలిస్తే 'అడిటివ్' అన్న మాట వినగానే నాలుగు ప్రశ్నలు వేయాలనిపిస్తుంది. 1921 డిసెంబర్‌లో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ టెట్రాఇథైల్ లెడ్ నాకింగ్‌ని ఆపుతుందని కనిపెట్టాడు. చిటికెడు సీసం కలిపితే చాలు, ఇంజిన్ కొట్టుకోవడం మానేసింది. 1923లో అమ్మకాలు మొదలయ్యాయి. మరుసటి ఏడాదే న్యూజెర్సీలోని స్టాండర్డ్ ఆయిల్ రిఫైనరీలో ఆ సీసపు విషానికి ఐదుగురు కార్మికులు పిచ్చెత్తినట్టయి చనిపోయారు. దాంతో కొన్నాళ్లు ఆగిన అమ్మకాలు మళ్లీ మొదలయ్యాయి. ఆ తర్వాత దశాబ్దాలపాటు లోకంలోని ప్రతి పిల్లవాడి ఊపిరిలోకీ సీసం వెళ్లింది.

ఇంజిన్ వరకే చూసినా ఆ కథలో రెండు ముఖాలున్నాయి. పాత ఇనుప వాల్వ్ సీట్లు అరగకుండా సీసం ఒక పూతలా కాపాడేది. అదే సీసం ప్లగ్గుల మీద పేరుకుని వాటిని చంపేది. పేరుకోకుండా బయటికి తోసేయడానికి కలిపిన బ్రోమిన్, క్లోరిన్ రసాయనాలు సైలెన్సర్లను తినేసేవి. సీసం పోయాక ప్లగ్గులూ, సైలెన్సర్లూ, ఇంజిన్ ఆయిలూ ఎక్కువ కాలం మన్నడం మొదలైంది. వాల్వ్ సీట్లను గట్టి లోహంతో చేయడంతో ఆ బెంగా తీరింది. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోల్ మొదలై, 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా అదే వచ్చింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో మానేసింది. ఇంజిన్‌లో ఒక భాగానికి మేలు చేసే రసాయనం ఇంకో భాగానికి ఏం చేస్తుంది, పొగగొట్టం దాటాక మనుషులకు ఏం చేస్తుంది అన్నది ముందే అడగకపోతే దాదాపు వందేళ్లు పోతాయని ఈ చరిత్ర రుజువు చేసింది.

కల్తీ అనే నేరం

ఇంజిన్‌ని నిజంగా, త్వరగా చంపేది కల్తీ. అందులో కిరోసిన్‌ది మొదటి స్థానం. దాని ఆక్టేన్ చాలా తక్కువ కాబట్టి నాకింగ్ తప్పదు. పెట్రోల్ ఆవిరయ్యేంత తేలిగ్గా అది ఆవిరవదు కాబట్టి పూర్తిగా కాలదు. కాలనిది సిలిండర్ గోడలు కడుక్కుంటూ కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌ని పలచన చేస్తుంది. పలచబడిన ఆయిల్‌తో బోరు అరుగుతుంది, బేరింగులు అరుగుతాయి. నల్లపొగ కనిపించేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

ఈ కల్తీని అడ్డుకున్నందుకు ఒక యువకుడు ప్రాణం ఇచ్చాడు. మంజునాథ్ షణ్ముగం, వయసు 27, ఐఐఎం లక్నోలో చదివి ఇండియన్ ఆయిల్‌లో సేల్స్ అధికారిగా చేరాడు. ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో కల్తీ బంకుని సీలు చేయించాడు. 2005 నవంబర్ 19న అతన్ని కాల్చి చంపారు. స్వచ్ఛమైన పెట్రోల్ వినియోగదారుడి హక్కు అని ఇవాళ తేలిగ్గా అనేస్తున్నాం. ఆ హక్కు కోసం నిలబడ్డ మనిషి పేరు మాత్రం మనలో ఎందరికి గుర్తుంది?

మనం చేయగలిగింది చాలానే ఉంది. ఫిల్టర్ కాగితం ఇమ్మని ఏ బంకులోనైనా అడగొచ్చు. నాజిల్ మూతిని శుభ్రంగా తుడిచి ఒక చుక్క కాగితం మీద వేస్తే, అసలైన పెట్రోల్ రెండు నిమిషాల్లో మరక మిగల్చకుండా ఎగిరిపోతుంది. జిడ్డు మరక మిగిలితే అనుమానించాల్సిందే. ట్యాంకర్ దిగినప్పుడు నమోదు చేసిన సాంద్రతను బంకు వాళ్లు చూపించాలి. 15 డిగ్రీల వేడికి సరిచేసి చూసినప్పుడు ఆ అంకెకీ మీరు కొలిపించిన దానికీ ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉండకూడదు. కొలత మీద అనుమానముంటే తూనికలు, కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల పాత్రలో పట్టించుకోవచ్చు. ఇవన్నీ అడిగితే గొడవ పెట్టుకున్నట్టు చూస్తారని వెనకాడతాం. ఒకసారి అడిగి చూడండి. నిజాయితీగా నడిపే బంకు యజమాని అభ్యంతరం చెప్పడు.

ఏ కంపెనీ పెట్రోల్ మంచిదన్న చర్చలో ఒక సంగతి మరుస్తుంటాం. ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు అవసరాన్ని బట్టి ఒకదాని రిఫైనరీ, డిపోల సరుకు ఇంకొకటి తీసుకుంటాయి. విశాఖ రిఫైనరీ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వైపు గొట్టంలో వచ్చే పెట్రోల్‌కి దారిలో బ్రాండ్ ముద్ర ఉండదు. 2020 ఏప్రిల్ నుంచి అందరూ పాటించాల్సిన ప్రమాణం కూడా ఒకటే, బీఎస్-6. గంధకం పది లక్షల్లో 10 భాగాలకు మించకూడదు. దానికి ముందున్న బీఎస్-4లో అది 50. గంధకం తగ్గితే కెటలిటిక్ కన్వర్టర్ ఎక్కువ కాలం బతుకుతుంది, ఆయిల్‌లో ఆమ్లాలు తగ్గుతాయి. ఏ సీసా మందూ చేయలేని మేలు ఈ ఒక్క నిబంధన చేసింది. కంపెనీల మధ్య తేడా ఎక్కువగా చివర్లో కలిపే అడిటివ్‌లోనూ, మీరు వెళ్లే బంకు భూగర్భ ట్యాంకు శుభ్రతలోనూ ఉంటుంది. కాబట్టి బ్రాండ్ కంటే బంకుని ఎంచుకోవడం ముఖ్యం. అమ్మకం బాగా ఉండే, శుభ్రంగా ఉంచే బంకు దొరికితే దాన్ని వదలకండి.

మసి, దాని మందు

నలభై, యాభై వేల కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ కారు ఇంజిన్ హెడ్ విప్పినప్పుడు ఒకసారి దగ్గర నిలబడి చూడండి. లోపలికి గాలి వెళ్లే ఇన్‌టేక్ వాల్వ్ తిరగేసిన గొడుగులా ఉంటుంది. దాని మెడ దగ్గర నల్లటి పెచ్చులు కడతాయి. గోటితో గీకితే కొంత పొడిగా రాలుతుంది, కొంత తారులా అంటుకునే ఉంటుంది. ఆ పెచ్చులు స్పాంజిలా పెట్రోల్‌ని పీల్చుకుంటాయి. అందుకే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు బండి తడబడుతుంది. ఇంజెక్టర్ మూతిలోని సన్నని రంధ్రాలకు ఇదే మసి పడితే పెట్రోల్ తుంపరలా కాకుండా ధారలా పడుతుంది.

1980లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లు వచ్చిన కొత్తల్లో అమెరికాలో ఇంజెక్టర్లు మూసుకుపోయి పెద్ద గొడవైంది. పెట్రోల్‌లో డిటర్జెంట్ కలపడాన్ని అక్కడ 1995 నుంచి చట్టమే తప్పనిసరి చేసింది. ఆ చట్టం చెప్పిన మోతాదు చాలడం లేదని 2004లో బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టయోటా కలిసి 'టాప్ టియర్' అనే ఇంకా గట్టి ప్రమాణం పెట్టాయి. 2016లో ఏఏఏ పరీక్షిస్తే 4,000 మైళ్లకు సమానమైన పరుగు తర్వాత, ఆ ప్రమాణం లేని పెట్రోల్ వాడిన ఇంజిన్లలో సగటున 19 రెట్లు ఎక్కువ మసి కనిపించింది. అడిటివ్‌ల విషయంలో నాకు తెలిసినంతలో ఇంత స్పష్టమైన సాక్ష్యం మరొకటి లేదు. ఆక్టేన్ పెంచుకోవడం చాలామందికి అనవసరం, డిటర్జెంట్ మాత్రం అందరికీ అవసరమే.

మన దగ్గర ప్రీమియం పెట్రోళ్లలో నిజంగా పనికొచ్చే భాగం ఇదే. ప్రతిసారీ పోయించుకోనక్కర్లేదు, నాలుగైదు ట్యాంకులకు ఒకసారి వాడినా ఇంజెక్టర్లకు మేలే. పాలీఈథర్ అమైన్ అనే డిటర్జెంట్ ఉన్న క్లీనర్ సీసాను సర్వీసింగ్‌కి ముందు ఒకసారి ట్యాంకులో కలపడం కూడా తప్పు కాదు. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో కార్లవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. వాటిలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది, ఇన్‌టేక్ వాల్వ్‌ని తాకనే తాకదు. ట్యాంకులో ఏ మందు పోసినా ఆ వాల్వ్ మసి పోదు. దానికి అక్రోట్ చిప్పల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేసే పద్ధతి ఉంది.

ఇక షాపుల్లో అమ్మే ఆక్టేన్ బూస్టర్లు. 'పది పాయింట్లు పెంచుతుంది' అని సీసా మీద ఉంటే ఆక్టేన్ పది పెరుగుతుందని అనుకుంటాం. ఆ వ్యాపారంలో ఒక పాయింటంటే పదో వంతు మాత్రమే, పది పాయింట్లు కలిస్తే ఒక్క ఆక్టేన్. పైగా వాటిలో కొన్ని మాంగనీస్, ఇనుము సమ్మేళనాలతో చేసినవి. ప్లగ్గు మీద ఎర్రటి తుప్పు రంగు పూత కనిపిస్తే ఇలాంటి మందుని అనుమానించాలి. మైలేజీ పెరుగుతుందని ట్యాంకులో కర్పూరం, కలరా ఉండలు వేసే అలవాటు మన ఊళ్లలో ఇంకా అక్కడక్కడా ఉంది. కలరా ఉండలోని నాఫ్తలీన్ పెట్రోల్‌లో కరుగుతుంది, నిజమే. కాలేటప్పుడు మసి ఎక్కువ కక్కుతుంది, పెట్రోల్ ఆరిన చోట మళ్లీ గడ్డకట్టి సన్నని రంధ్రాలను మూసేస్తుంది. ఎవరు చెప్పినా వేయకండి.

ఇరవై శాతం ఇథనాల్

2023 ఫిబ్రవరిలో 11 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 84 బంకుల్లో మొదలైన ఈ20, 2025 నాటికి దాదాపు ప్రతి బంకులోకీ వచ్చింది. దీనిమీద మాట్లాడేటప్పుడు మైలేజీనీ, ఇంజిన్ ఆయుష్షునీ కలగలిపేస్తున్నారు. రెండూ వేర్వేరు.

మైలేజీ తగ్గడం భౌతికశాస్త్రం. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో కంటే మూడో వంతు తక్కువ. ఐదో వంతు ఇథనాలే ఉన్నప్పుడు, అసలు ఇథనాల్ లేని పెట్రోల్‌తో పోలిస్తే శక్తి దాదాపు 7 శాతం తగ్గుతుంది. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం తయారై, పది శాతానికి సర్దిన కార్లలో 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. ఈ20 కోసమే సర్దిన కొత్త కార్లలో అది 1 నుంచి 2 శాతం. ఇంజిన్‌కి దీనివల్ల హాని లేదు, నష్టమంతా జేబుకే.

ఆయుష్షు ప్రశ్న రబ్బరు దగ్గర, లోహం దగ్గర, నీటి దగ్గర ఉంది. పాత స్కూటర్ కార్బొరేటర్ కింది గిన్నె విప్పితే ఆ మూడూ ఒకేచోట కనిపిస్తాయి. అడుగున తెల్లటి సుద్దలాంటి పొడి, అది అల్యూమినియం, జింకు తుప్పు. పక్కన జిగురు. వెంట్రుక దూరేంత జెట్ రంధ్రంలో ఆ పొడి ఇరుక్కుని ఉంటుంది. రబ్బరు ఓ-రింగ్ ఉబ్బిపోయి, మళ్లీ పెట్టబోతే తన గాడిలోనే పట్టదు. ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు, పూత ఉన్న లోహం వాడిన బండ్లలో ఈ బెడద లేదు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైనవి ఆ రకానివే, వాటి యజమానులు నిశ్చింతగా ఉండొచ్చు. నిజానికి ఇథనాల్ సిలిండర్‌ని చల్లబరుస్తుంది, నాకింగ్‌ని అడ్డుకుంటుంది. బ్రెజిల్‌లో 27 శాతం కలిపిన పెట్రోల్‌తో ఏళ్ల తరబడి బండ్లు నడిచాయి, 2025 ఆగస్టు నుంచి అది 30 శాతం అయింది. అయితే అక్కడి బండ్లను దానికోసమే తయారుచేస్తారు.

మన రోడ్ల మీద అంతకుముందు తయారైనవి కోట్లల్లో ఉన్నాయి. కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావొచ్చని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. అది పెద్ద ఖర్చు కాదని కూడా చెప్పింది. పది, పన్నెండేళ్ల బండి మీద పాలో కూరగాయలో అమ్ముకునే మనిషికి అది చిన్న ఖర్చు కాదు. పెట్రోల్ ధర తగ్గించకుండా మైలేజీ తగ్గించి, మరమ్మతు కూడా అతని నెత్తినే వేయడం న్యాయం కాదు. ఇథనాల్ లేని పెట్రోల్‌ని ఎంచుకునే వీలుండాలని కోరుతూ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. కోర్టు తలుపు మూసుకున్నా ప్రభుత్వం తలుచుకుంటే ప్రతి పట్టణంలో కొన్ని బంకుల్లోనైనా తక్కువ ఇథనాల్ పెట్రోల్ ఉంచడం అసాధ్యమేమీ కాదు.

నీటి సంగతి వానాకాలంలో మరీ ముఖ్యం. ఇథనాల్ గాలిలోని తేమనీ, ట్యాంకులోకి దిగిన నీటినీ పీల్చుకుంటుంది. కొద్దిపాటి నీటిని తనతో పాటు తీసుకెళ్లి కాల్చేయిస్తుంది, అంతవరకు మేలే. హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ఆ అడుగుపొర ఇంజిన్‌లోకి వెళ్తే బండి అక్కడే ఆగిపోతుంది, పైన మిగిలిన పెట్రోల్‌కి ఆక్టేనూ తగ్గుతుంది. బంకు భూగర్భ ట్యాంకులో నీరు చేరిందో లేదో కర్రకు రంగు మారే పేస్టు రాసి ముంచి చూస్తారు. భారీ వాన మర్నాడు ఆ పరీక్ష చేశారా అని అడగడం మీ హక్కు. ట్యాంకు మూత రబ్బరు పగిలి ఉంటే మార్పించండి. నెలకు మించి బండి వాడనప్పుడు ఇనుప ట్యాంకుని నిండుగా ఉంచండి. పాత బండైతే పెట్రోల్ ట్యాప్ కట్టేసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపండి.

ఇన్ని చెప్పుకున్నాక ఇంకొక్క మాట. వేళకు ఇంజిన్ ఆయిల్ మార్చని బండిని ఏ పెట్రోలూ కాపాడలేదు. ప్రీమియం పెట్రోల్ మీద పెట్టే డబ్బులో సగం మంచి ఆయిల్ మీద, ఎయిర్ ఫిల్టర్ మీద పెట్టండి. మీ బండి మాన్యువల్ తీసి ఏ ఆక్టేన్, ఎంత ఇథనాల్ అన్నది ఈ వారమే చూసుకోండి. పాత బండైతే రబ్బరు గొట్టాలు ఎలా ఉన్నాయో మెకానిక్‌తో చూపించండి.

ప్రభుత్వాన్నీ ఆయిల్ కంపెనీలనూ అడగాల్సింది కూడా ఉంది. ఇథనాల్ ఎంత శాతం, ఆక్టేన్ ఎంత, డిటర్జెంట్ కలిపారా లేదా అన్నవి ప్రతి పంపు మీదా, ప్రతి బిల్లు మీదా తెలుగులో కనిపించాలి. ఇరవై రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద అందులో ఏముందో రాస్తున్నారు. నెలకు వేల రూపాయలు పోసి కొనే పెట్రోల్‌కి కూడా ఆ మాత్రం వివరం ఇవ్వాలి. ఈసారి బంకుకి వెళ్లినప్పుడు బిల్లు తీసుకోండి, సాంద్రత అడగండి, చెప్పకపోతే ఫిర్యాదు పుస్తకంలో రాయండి.